మార్చిలో కట్టేసిన కుళాయి

మా ఊళ్లో చలికాలం కుళాయి కట్టేయడం తప్పు. ఈ ముక్క తెలియనివాడు మా నీళ్ల శాఖకు అధికారిగా వచ్చాడు. కథంతా ఇంతే. కానీ దానివల్ల ఒక ముసలామె ఇల్లు పోయింది కనుక పూర్తిగా చెప్పాలి. అందులో నా చెయ్యి ఉంది కనుక నేనే చెప్పాలి.

మా టాల్కాట్ ఉత్తరాన చలి ప్రాంతంలోని గని ఊరు. ఇనుప గని కంపెనీ 1913లో పనివాళ్ల కోసం వాడలు కట్టి నీటి పైపులు వేసింది. కింద అంతా బండ. నాలుగడుగులు తవ్వేసరికి బండ తగిలింది. బండ పేల్చే మందు గనిలో వాడారు గానీ పనివాళ్ల నీళ్ల కోసం వాడలేదు. చలికాలం ఇక్కడ నేల ఆరడుగుల లోతు దాకా గడ్డకడుతుంది. నాలుగడుగుల్లో ఉన్న పైపు ఏమవుతుందో చిన్నపిల్లలు కూడా చెబుతారు. గని 1967లో మూతపడింది. కంపెనీ వాళ్లు వెళ్లిపోయారు. పైపులు మాకు వదిలారు.

అందుకే మా తాతల నాటి నుంచి పసుపు కార్డు ఉంది. డిసెంబరులో నీళ్ల శాఖ మనిషి వచ్చి ఆ కార్డుని వంటింటి కుళాయికి తగిలిస్తాడు. కార్డు ఉన్నన్నాళ్లూ పెన్సిలు మందం ధార రాత్రీ పగలూ పారుతూనే ఉండాలి. పారే నీరు గడ్డకట్టదు. ఆ నీళ్లకు బిల్లు ఉండదు. మే నెలలో శాఖ మనిషే మళ్లీ వచ్చి కార్డు వెనక తేదీ వేసి, సంతకం చేసి, తీసుకుపోతాడు. అప్పుడు కుళాయి కట్టేయాలి. మధ్యలో ఎవరేం చెప్పినా, పేపర్లో ఏం రాసినా లెక్కలేదు. కార్డు వేలాడుతుంటే నీళ్లు పారాలి. మా ఊళ్లో నలభై మూడు ఇళ్లకు ఆ కార్డు ఉండేది.

ఐలీ సాల్మెలా ఇల్లు వాటిలో ఒకటి. ఆరో వాడలో ఒకప్పుడు ఇరవై ఆరు ఇళ్లు. ఇప్పుడు మనుషులున్నది ఆ ఒక్కదానిలోనే. ఆమెకు ఎనభై ఒకటి. భర్త ఎయినో నీళ్ల శాఖలో నాకు పై మేస్త్రి. నేల మీద ఇనుప కడ్డీ ఆనించి, దాని కొసకు చెవి పెట్టి, కింద పైపులో లీకు ఎక్కడుందో వినడం నాకు నేర్పింది ఆయనే. పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన పోయాక ప్రతి డిసెంబరులో ఆ ఇంటి కార్డు నేనే తగిలించాను.

మొదట చెప్పిన అధికారి రాండల్ బుషే. రెండేళ్ల కిందట దక్షిణం నుంచి వచ్చాడు. రాష్ట్రం వాళ్లు మా ఊరికి గ్రాంటు ఇచ్చారు. షరతు ఒకటే. మేం పంపు చేసే వంద గాలన్లలో ముప్పై ఆరు ఎక్కడికి పోతున్నాయో లెక్కలేదు. దాన్ని పదిహేనుకు దింపాలి. నీటిని కాపాడాలి, భూమిని కాపాడాలి, రేపటి తరాన్ని కాపాడాలి అంటాడు. గోడ మీద ఆకుపచ్చ పోస్టరు కూడా పెట్టాడు. నాకు ఆ మాటల మీద కోపం లేదు. ఇరవై ఆరేళ్లుగా లీకులు వింటున్నవాడిని, నీళ్లు వృథా అవుతుంటే నాకు కడుపు మండదా? ఆరో వాడ మెయిన్ పైపు వాగు దాటే చోట పగిలి ఉంది. నిమిషానికి నలభై గాలన్లు నేరుగా వాగులోకి పోతున్నాయి. ఆ చోట, ఇక్కడ తవ్వండని, నేను ఆరుసార్లు నీలి రంగు గుర్తు వేశాను. ఆరుసార్లూ బండ తవ్వాలంటే ఖర్చన్నారు. మీరే చెప్పండి, ముసలామె పెన్సిలు ధార నిమిషానికి అర గాలను. వాగులోకి నలభై. దేన్ని ఆపాలి?

రాండల్ కంప్యూటరుకు వాగు కనబడదు. కొత్త మీటర్లు గంట గంటకీ ఇంటి లెక్క పంపుతాయి. ఏ ఇంట్లో నీళ్లు ఒక్క గంట కూడా ఆగవో ఆ ఇంటి మీద ఎర్ర చుక్క పడుతుంది. మార్చి పదకొండున పొద్దున్నే మా శాఖ షెడ్డులోకి వచ్చి ఆ మ్యాపు మా ముందు పెట్టాడు. నేనూ, నాతో పనిచేసే డొమెనిక్ కాఫీ తాగుతున్నాం.

"నలభై మూడు ఎర్ర చుక్కలు. ఏంటివి?" అన్నాడు రాండల్.

"కార్డు ఇళ్లు," అన్నాను.

"బయట చూశారా? చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. నేను కోటు కూడా వేసుకోలేదు. ఇంకా కుళాయిలు వదిలి కూర్చుంటే దాన్ని ఏమంటారు?"

డొమెనిక్ నవ్వాడు. "మార్చి అంటారండీ."

"అంటే?"

"అంటే గాలి వేడెక్కింది, నేల వేడెక్కలేదు. చలి ఇంకా కిందికి దిగుతానే ఉంటది. జనవరి చలి మార్చికి పైపు దగ్గరికి చేరుద్ది. మా దగ్గర పైపులు గడ్డకట్టేది ఇప్పుడేనండీ, జనవరిలో కాదు."

రాండల్ నా వైపు చూశాడు. "వెర్న్, నిజమేనా?"

నిజమే. మా ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన నిజం. నాకు పెన్షనుకు పద్నాలుగు నెలలుంది. నేను అన్న మాట ఇది: "ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటుంది సార్."

డొమెనిక్ కప్పు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"అయితే ఇవాళే కార్డులన్నీ తెచ్చేయండి," అన్నాడు రాండల్. "నెలాఖరుకు రాష్ట్రానికి లెక్క పంపాలి."

"రాసిస్తారా?" అన్నాడు డొమెనిక్.

"దేనికి?"

"ఊరికే. పదిమంది నన్ను తిడతారు కదా, చూపించుకోడానికి."

"నోటితో చెబితే చాలదా మీ ఊళ్లో?"

డొమెనిక్‌కి ఇరవై రెండు ఇళ్లు, నాకు ఇరవై ఒకటి. డొమెనిక్ ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పాడని తర్వాత తెలిసింది. "కార్డు తీసుకెళ్తున్నా. కుళాయి సంగతి నేనేం చూళ్లేదు." వాళ్లకు అర్థమైంది. ధారలు ఆగలేదు. ఎర్ర చుక్కలు పోలేదు. రాండల్ పిలిచి అరిచాడు, డొమెనిక్ తల గోక్కున్నాడు. అంతే. ఆ ఇరవై రెండు ఇళ్లలో ఒక్కదానికీ ఏమీ కాలేదు. నేనూ అలా చెప్పి ఉండొచ్చు. అది నాకు ఆ క్షణాన తట్టలేదు అంటే అబద్ధం. తట్టింది.

ఐలీ తలుపు తీసేసరికి చేతులకు పిండి ఉంది. యాలకుల రొట్టె చేస్తోంది. వంటింట్లో కుళాయి ధార సన్నగా, నిటారుగా, తెగకుండా పడుతోంది. ఆ ఇంట్లో ఆ చప్పుడు లేని చలికాలం నాకు గుర్తు లేదు.

"రా వెర్న్. బూట్లు అక్కడ విప్పు. ఏంటి, కాఫీ కోసమా?"

"కార్డు తీసుకెళ్లడానికొచ్చానండీ, మిసెస్ సాల్మెలా."

ఆమె గోడ మీది క్యాలెండరు చూసింది. తర్వాత నన్ను చూసింది. "మే వచ్చేసిందా? నాకెవరూ చెప్పలేదే."

"కొత్త పద్ధతి. నీళ్లు వృథా అవుతున్నాయని."

"నేల ఇంకా కిందికి గడ్డకడుతోంది అబ్బాయ్. నీకు తెలుసు."

"శాఖ వాళ్లు చెప్పమన్నారు."

"శాఖ వాళ్లని నేనెప్పుడూ చూళ్లేదు. నాకు తెలిసింది ఎయినో, ఎయినో తర్వాత నువ్వు. వాళ్లు చెప్పమన్నది చెప్పావు. సరే. ఇప్పుడు నువ్వు చెప్పు. కట్టమంటావా?"

ఆమె పిండి చేతులతో అలాగే నిలబడింది. కుళాయి పారుతూనే ఉంది. ఆమె అడిగింది ఒక్క మాట. వద్దు అని ఉంటే చాలు. తల అడ్డంగా ఊపినా చాలు. కార్డు జేబులో పెట్టుకుని బయటికి వచ్చేసినా ఆమెకు అర్థమయ్యేది.

"కట్టేయండి," అన్నాను.

ఆమె చెయ్యి తుడుచుకుని కుళాయి కట్టేసింది. కార్డు వెనక తేదీ వేసి సంతకం చేశాను. రొట్టె ముక్క గుడ్డలో చుట్టి ఇచ్చింది. తీసుకున్నాను. ట్రక్కులో అది తింటూ ఇంకో ఇంటికి వెళ్లాను.

పద్నాలుగో తారీఖు ఉదయం ఫోను చేసింది. "వెర్న్, నీళ్లు రావట్లేదు," అంది. నా ఇరవై ఒక్క ఇళ్లలో గడ్డకట్టింది అదొక్కటే, మిగతావాళ్లు నా మాట పట్టించుకోలేదు.

ఇదివరకైతే వెల్డింగు యంత్రం తెచ్చి పైపుకు కరెంటు ఇచ్చి గంటలో కరిగించేవాళ్లం. ఇన్సూరెన్సు వాళ్లు అది మాన్పించారు. నేనూ డొమెనిక్ ఆమె నేలమాళిగలో కూర్చుని సన్నటి గొట్టం పైపులోకి దూర్చి వేడినీళ్లు పంపాం. పద్నాలుగడుగులు పోయింది. అక్కడ వంపు ఉంది. దాటలేదు. నాలుగు గంటలు కూర్చున్నాం.

"ఒరేయ్ వెర్న్," అన్నాడు డొమెనిక్, "నీకు చెప్పడానికి నోరు రాలేదా, చెప్పాలని లేదా?"

"గొట్టం పట్టుకో."

"పట్టుకున్నా. అడుగుతున్నా."

"నాకు పద్నాలుగు నెలలుంది డొమెనిక్."

"నాకు పదకొండేళ్లుంది. నేనే ఎక్కువ భయపడాలి కదరా."

పైన ఐలీ నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. మాకు కాఫీ పెడుతోంది. మంచు కరిగించిన నీళ్లతో.

రెండు నెలలు ఆమెకు నేను నీళ్లు మోశాను. రోజు విడిచి రోజు, అయిదు గాలన్ల డబ్బాలు ఆరు. పాత్రలకు, తాగడానికి, మరుగుదొడ్డికి. శనివారం ఆవిరి స్నానాల గదికి రెండు ఎక్కువ. ఆ గదిలో పొయ్యి వెలిగించడం మాత్రం ఆమె మానలేదు. ఒకరోజు రాండల్ నా ట్రక్కులో డబ్బాలు చూశాడు. శాఖ బండి సొంత పనికి వాడకూడదన్నాడు. మర్నాటి నుంచి నా బండిలో మోశాను.

మే పద్దెనిమిదిన నేలలో గడ్డ వదిలింది. ఐలీ ఇంట్లో కుళాయి దగ్గింది, ఉమ్మింది, నీళ్లొచ్చాయి. ఆమె ఫోను చేసి, "ఇక నీ నడుము బతికింది," అని నవ్వింది. రెండు రోజులకే ముందు పెరట్లో నేల మెత్తబడి బూటు దిగిపోయింది. పైపు చలికి నిలువునా చీలింది. గడ్డ ఉన్నంతసేపూ గడ్డే దానికి బిరడా. గడ్డ కరిగింది, చీలిక తెరుచుకుంది. కంప్యూటరులో ఆరో వాడ ఎర్రగా అయింది. రాండల్ నన్నే పంపాడు. కడ్డీ ఆనించి విన్నాను. వినాల్సిన పని కూడా లేదు, కాళ్ల కిందే బుడబుడమంటోంది. నీలి గుర్తు వేశాను. ఆమె ఇంటి ముందు రోడ్డు పక్క వాల్వు నేనే మూశాను. మళ్లీ డబ్బాలు మోయడం మొదలుపెట్టాను.

వీధి నుంచి ఇంటి దాకా ఉన్న పైపు ఇంటివాళ్లది. బాగు చేయించాల్సింది వాళ్లే. చట్టం అది. ఇప్పటి చట్టం ప్రకారం కొత్త పైపు ఏడడుగుల లోతులో వేయాలి, అంటే బండ తవ్వాలి. ఆ ఖర్చుతో ఆరో వాడలో అలాంటి ఇళ్లు రెండు కొనొచ్చు. నీళ్లు లేని ఇంటికి ముప్పై రోజుల్లో నివాసానికి పనికిరానిదని చీటీ అంటిస్తారు. అదీ చట్టమే. ఇంత చట్టం ఉన్న ఊళ్లో నలభై గాలన్ల లీకుకు మాత్రం ఏ చట్టమూ దొరకలేదు.

ఐలీ నగర సభకు అర్జీ పెట్టుకుంది. శాఖ మనిషి చెబితేనే కుళాయి కట్టాను, కాబట్టి శాఖే బాగు చేయాలి. జూన్ తొమ్మిదిన విచారణ. బల్ల వెనక అయిదుగురు. ఆమె చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకొచ్చింది. అధ్యక్షురాలు షారన్ లాంగ్టిన్, మా హైస్కూల్లో లెక్కలు చెప్పినామె.

"కట్టమన్నది ఎవరు, ఐలీ?" అంది.

ఐలీ నా వైపు చూడలేదు. "శాఖ వాళ్లు," అంది.

నా పేరు చెప్పలేదు. అప్పుడు లేచాను. ఎవరూ నన్ను పిలవలేదు. "నేనండీ. మార్చి పదకొండున. మిస్టర్ బుషే కార్డులు తెమ్మన్నారు. అప్పుడు నేల ఇంకా దిగువకి గడ్డకడుతోందని నాకు తెలుసు. తెలిసే కట్టమన్నాను." షెడ్డులోంచి తెచ్చిన ఆమె పసుపు కార్డు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. వెనక తేదీ ఉంది, నా సంతకం ఉంది.

గెలిచామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మా ఊళ్లో ఆ కార్డు కంటే పెద్ద సాక్ష్యం లేదు.

రాండల్ తొందరపడలేదు. ఫైలు తెరిచి ఒక కాగితం తీశాడు. "నవంబరు బిల్లు వెనక వైపు. కార్డుల పథకం జనవరి ఒకటి నుంచి రద్దు. అందరికీ పంపాం. అంటే మార్చిలో ఆ కార్డుకు విలువ లేదు. వెర్న్ తీసుకొచ్చింది చెల్లని కాగితం. అది ఉన్నా, లేకపోయినా ఒకటే. మిసెస్ సాల్మెలా జనవరి నుంచి తన ఇష్టంతో నీళ్లు వదిలారు, తన ఇష్టంతో కట్టేశారు."

"ఇష్టమా?" అన్నాను. "రద్దని మాకెవరూ చెప్పలేదు, డిసెంబరులో కార్డులు తగిలించాం. మార్చిలో తెమ్మన్నదీ మీరే కదా."

"చెల్లని కాగితాలు పోగు చేయమన్నాను. కుళాయిలు కట్టించమని అన్నానా? రాతపూర్వకంగా ఉందా?"

డొమెనిక్ వెనక బెంచీ నుంచి లేచాడు. "రాసిమ్మని నేనడిగానండీ."

"ఇచ్చానా?"

"లేదు."

"మరి."

లాంగ్టిన్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "బిల్లు వెనక చూశారా, ఐలీ?"

"బిల్లు ముందు చూసి కట్టాను," అంది ఐలీ. "వెనక చూడాలా? నీళ్ల సంగతి చెప్పాలంటే మనిషి వస్తాడు. డెబ్బై ఏళ్లుగా మనిషే వచ్చాడు."

అయిదుగురిలో ముగ్గురు అర్జీ కొట్టేశారు. లాంగ్టిన్ ఆ ముగ్గురిలో ఉంది. ఊరి బాగు, గ్రాంటు, ఒక్కరి కోసం ఒక మెయిన్ పైపు ఉంచలేమని ఏవో మాటలు. ఒకాయన ముసలివాళ్ల అపార్టుమెంటులో గది ఖాళీ ఉందని, వెచ్చగా ఉంటుందని చెప్పాడు. మంచి మాట చెప్పినట్టు చెప్పాడు. నాకు మందలింపు ఉత్తరం వచ్చింది. అధికారం లేకుండా వినియోగదారుకు సలహా ఇచ్చినందుకు. పెన్షను ముట్టుకోలేదు. ఇన్నాళ్లూ దేనికి భయపడ్డానో దాని వెల అదీ. ఒక ఉత్తరం.

బయట పార్కింగులో ఐలీ కోసం నిలబడ్డాను. ఆమె మెల్లగా మెట్లు దిగి వచ్చింది.

"చెప్పాను కదండీ," అన్నాను. "అందరి ముందూ చెప్పాను."

"విన్నాను."

"వాళ్లు దొంగలు."

"వాళ్ల సంగతి నాకు ముందే తెలుసు." చేతిసంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఇవాళ బాగా మాట్లాడావు వెర్న్. మార్చిలో నా వంటింట్లో అనాల్సిన మాట. అక్కడ ఒక్క మాట చాలేది. ఇక్కడ వంద అన్నా చాలలేదు, చూశావా."

"మిసెస్ సాల్మెలా—"

"రేపటి నుంచి నీళ్లు తేవద్దు. మా చెల్లెలి మనవడికి చెప్పాను."

కారులో దించుతానన్నాను. బస్సుందని చెప్పింది. మా ఊళ్లో ఆ టైముకు బస్సు లేదు. ఇద్దరికీ తెలుసు. ఆమె నడిచి వెళ్లింది.

జూన్ చివర్లో ఆమె తలుపు మీద నారింజ రంగు చీటీ అంటించారు. జూలై ఎనిమిదిన ఆమె అపార్టుమెంటుకు వెళ్లిపోయింది. ఆవిరి గది పొయ్యి మీద వేడెక్కించి నీళ్లు చల్లే రాళ్లు బకెట్టులో వేసుకుని తీసుకెళ్లిందని డొమెనిక్ చెప్పాడు. అక్కడ పొయ్యి లేదు, ఆవిరి గది లేదు. రాళ్లు మంచం కింద పెట్టుకుందట.

పదో తారీఖున ఆరో వాడ మెయిన్ పైపు శాశ్వతంగా మూసేశాం. రెండువేల వంద అడుగుల పైపు. వాల్వు తుప్పు పట్టి ఉంది, ఇద్దరం కలిసి తిప్పాం. మూసిన గంటకు వాగు దగ్గర నీళ్లు ఆగిపోయాయి. పన్నెండేళ్లుగా ఆ నీళ్ల మీద పెరిగిన గడ్డి ఉంది అక్కడ, మోకాలెత్తు, ముదురు పచ్చగా. ఆరుసార్లు గుర్తు వేస్తే ఆగని లీకు ఒక్క ముసలామెను లేపేస్తే ఆగింది. చూడండి ఎంత తేలికో. బండ తవ్వలేదు, పైపు మార్చలేదు, అతుకు వేయలేదు. మనిషిని తీసేశారు, లీకు పోయింది.

అక్టోబరులో లెక్క వచ్చింది. వందకు పద్నాలుగున్నర. షరతు కంటే తక్కువ. రాష్ట్రం వాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రాండల్ దాన్ని షెడ్డులో చదివి వినిపించాడు. రెండు పెట్టెల డోనట్లు తెచ్చాడు. "ఇది మీ ఇద్దరి విజయం," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. వాడికి నిజంగా సంతోషంగా ఉంది. వచ్చే ఏడు ఏడో వాడ చూద్దామన్నాడు. అక్కడ ఇంకా మనుషులున్న ఇళ్లు నాలుగు.

డొమెనిక్ పెట్టె వైపు చూడకుండా గ్లవ్స్ తొడుక్కుని బయటికి పోయాడు.

నాకు పెన్షనుకు ఇంకా ఏడు నెలలుంది. చక్కెర పూసింది ఒకటి తీసుకుని తిన్నాను.